ఆకరం నుంచి ప్రయోగశాలకు: కొల్లూరు, కోలారు గనుల చరిత్రపై ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం: మూతపడిన గనులను విజ్ఞాన పరిశోధన కేంద్రాలుగా మార్చడం ఇటీవలి కాలపు ఆలోచన అని సాధారణంగా భావిస్తారు. తెలుగు నేలను ఆనుకొని ఉన్న కోలారు బంగారు గనుల్లో ఈ మార్పు 1951లోనే, గని నడుస్తున్న రోజుల్లోనే మొదలైంది. 1965లో ప్రకృతి సిద్ధమైన న్యూట్రినోల జాడను తొలిసారి ప్రకటించిన ప్రయోగాల్లో ఒకటి అక్కడ జరిగింది. అయినా గని మూతపడేనాటికి ఆ ప్రయోగశాల నిలవలేదు. గుంటూరు సీమలోని కొల్లూరు వజ్రపు గనులను ఒకవైపు, అమెరికా, జపాన్ గనుల అనుభవాన్ని మరొకవైపు ఉంచి, గని ప్రయోగశాలగా మారడానికీ, మారి నిలవడానికీ కావలసిన పరిస్థితులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కొల్లూరు, కోలారు, న్యూట్రినో, గని మూసివేత, శ్రామిక చరిత్ర, బండ్లమోటు, చీమకుర్తి.

ఉపోద్ఘాతం

పరిశోధకుడు తన రచనకు ఆధారమైన గ్రంథాలను ‘ఆకరాలు’ అంటాడు. సంస్కృతంలో ‘ఆకరము’ అంటే గని. సముద్రం రత్నాలకు ఆకరం గనుక రత్నాకరం అయింది. ‘ఖని’ శబ్దం తెలుగులో ‘గని’గా స్థిరపడి ‘విద్యల గని’, ‘గుణాల గని’ వంటి ప్రయోగాలకు దారితీసింది. విజ్ఞానానికీ గనికీ భాషలో ఏనాడో కుదిరిన ఈ సంబంధం చరిత్రలో ఏ రూపం తీసుకున్నదన్న ప్రశ్న ఈ వ్యాసానికి మూలం.

గుంటూరు, ప్రకాశం ప్రాంతాలను నేడు పత్తి, మిరప పండే నల్లరేగడి సీమగా గుర్తిస్తున్నాం. ఈ సీమకు గనుల చరిత్ర కూడా ఉంది. కృష్ణా కుడి గట్టున కొల్లూరు వజ్రపు గనులు 17వ శతాబ్దంలో ప్రపంచ ప్రసిద్ధి పొందాయి. వినుకొండకు చేరువలోని అగ్నిగుండాల ఖనిజ మండలంలో రాగి, సీసం నిక్షేపాలున్నాయి. అందులోని బండ్లమోటు సీసపు గనిని హిందుస్థాన్ జింక్ సంస్థ కొంతకాలం నడిపి మూసివేసింది. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి వెళ్ళే గెలాక్సీ గ్రానైటు అనేక దేశాల భవనాలకు తాపడమవుతున్నది. ఈ మూడు చోట్లా తవ్వకం జరిగింది, జరుగుతున్నది. ఏ ఒక్కటీ విజ్ఞాన పరిశోధన కేంద్రంగా మారలేదు.

ఆ మార్పు జరిగిన చోటు తెలుగువారికి దూరమైనది కాదు. చిత్తూరు సరిహద్దుకు ఆవల, తెలుగు నిత్యవ్యవహారంలో ఉన్న కోలారు జిల్లాలో అది జరిగింది. కోలారు శిలామండలం దక్షిణ భాగం చిత్తూరు జిల్లాలోకే చొచ్చుకొని వచ్చింది. బిసానత్తం, చిగురుగుంట బంగారు గనులు ఆ కొనసాగింపే. కాబట్టి కోలారు చరిత్రను పొరుగు రాష్ట్రపు విషయంగా విడిచిపెట్టడానికి వీలులేదు. కొల్లూరు నుంచి బయలుదేరి, కోలారు మీదుగా, తిరిగి పల్నాడుకు చేరే క్రమంలో ఈ పరిశీలన సాగుతుంది.

కొల్లూరు: నీరు తగిలేవరకు

కొల్లూరు గనుల గురించి మనకున్న ప్రధానమైన వర్ణన ఫ్రెంచి రత్నవర్తకుడు జాఁ బాప్టిస్ట్ టావెర్నియేది. 17వ శతాబ్దం మధ్యకాలంలో అతడు గోల్కొండ రాజ్యంలో పర్యటించాడు. అతని యాత్రాగ్రంథం 1676లో వెలువడింది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో పనిచేసిన వాలెంటైన్ బాల్ 1889లో దానిని ఆంగ్లంలోకి అనువదించి, గనుల స్థలనిర్ణయం చేశాడు. టావెర్నియే ఈ గనిని దేశభాషలో ‘గని’ అనీ, పారశీకంలో ‘కులూర్’ అనీ పిలుస్తారని రాశాడు. స్థానికులు ‘గని’ అని చెప్పిన సామాన్యనామాన్ని ఆ పరదేశి ఊరిపేరుగా గ్రహించాడని తెలుగు పాఠకునికి వెంటనే తోస్తుంది. పారశీకంలోనూ గనికి ‘కాన్’ అనే మాట ఉన్నందువల్ల ఈ పదాన్ని ఆ వైపునుంచి కూడా వివరించవచ్చు. ఏ వ్యుత్పత్తిని అంగీకరించినా, ప్రపంచ రత్నవాణిజ్య చరిత్రలో కొల్లూరు కేవలం ‘గని’ అనే పేరుతో నమోదయిందన్నది మాత్రం స్పష్టం.

వజ్రాలు బయటపడిన తీరు గురించి టావెర్నియే చెప్పిన కథనం ఈ సీమ వ్యవసాయ స్వభావానికి అనుగుణంగా ఉంది. తాను వచ్చేనాటికి సుమారు నూరేళ్ళ క్రితం ఒక పేదవాడు చిరుధాన్యం విత్తడానికి నేల తవ్వుతుండగా 25 క్యారెట్ల రాయి దొరికిందని అతడు విన్నాడు. తాను తొలిసారి చూసినప్పుడు అక్కడ దాదాపు 60,000 మంది పనిచేస్తున్నారని అంచనా వేశాడు. పురుషులు తవ్వితే స్త్రీలు, పిల్లలు మట్టి మోసేవారు. సంఖ్యను ఎంత తగ్గించి చూసినా అది పెద్ద శ్రామిక సమూహమే. ఇందులో ఒక్కరి పేరు కూడా మనకు మిగలలేదు. రాళ్ళ పేర్లు, వాటిని ధరించిన రాజుల పేర్లు మాత్రం మిగిలాయి.

ఈ వ్యాసానికి అత్యంత ముఖ్యమైన వివరం తవ్వకపు లోతు. కొల్లూరులో పది నుంచి పద్నాలుగు అడుగుల వరకు తవ్వి, నీరు తగలగానే ఆపేవారని టావెర్నియే గమనించాడు. అవి నదీ నిక్షేపాల్లో తవ్విన గుంతలు. నీటిని ఎత్తిపోసి కిందికి దిగే అవసరమూ సాధనమూ రెండూ లేవు. గుంత ఖాళీ అయితే పక్కన మరో గుంత తవ్వేవారు. అటువంటి గని వదిలివేసిన తర్వాత నేలపై మచ్చగా మాత్రమే మిగులుతుంది. కొల్లూరుకు ఆ మచ్చ కూడా కనపడకుండా పోయింది. 2013 డిసెంబరులో ప్రారంభమైన పులిచింతల జలాశయం, అంటే 45.77 టి.ఎం.సి.ల సామర్థ్యం గల కె.ఎల్.రావు సాగర్, పాత గని ప్రాంతాన్ని ముంచివేసింది. తవ్వకాన్ని ఆపిన నీరే చివరకు గనినీ కప్పివేసింది. కృష్ణా డెల్టా ఆయకట్టుకు ఆ జలాశయం ఎంత అవసరమో వివరించనక్కరలేదు. మునగకముందు గని భూమిపై జరగవలసిన సమగ్ర పురావస్తు, భూవైజ్ఞానిక అధ్యయనానికి మాత్రం ఇక అవకాశం లేదు.

కోలారు: లోతు ఒక సాధనమైన వేళ

కొల్లూరులో తవ్వకం ఎక్కడ ఆగిందో ఆధునిక గని అక్కడ మొదలవుతుంది. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ కోలారులో ప్రవేశించిన తరువాత నిలువు బావులు, ఆవిరి యంత్రాలు, నీటి పంపులు, గాలిని దించే ఏర్పాట్లు వచ్చాయి. 1902లో శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి దాదాపు 150 కిలోమీటర్ల దూరం తీగల ద్వారా గనులకు విద్యుత్తు అందింది. 20వ శతాబ్దం మధ్యనాటికి ఛాంపియన్ రీఫ్ గని ప్రపంచంలోని అత్యంత లోతైన గనుల్లో ఒకటి. దాని చివరి లోతు సుమారు 3.2 కిలోమీటర్లు. ఆ లోతులో రాతి ఉష్ణోగ్రత 60 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. పైనున్న శిలాభారం వల్ల రాయి ఉన్నట్టుండి పేలి విరుచుకుపడే ‘రాక్ బర్స్ట్’ ప్రమాదాలు కోలారు కార్మికునికి నిత్యభయం.

గని యజమానికి లోతు వ్యయానికీ ప్రమాదానికీ మారుపేరు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వ్యవస్థాపకుడు హోమీ భాభాకు అదే లోతు ఒక సాధనంగా కనిపించింది. అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాలు వాతావరణాన్ని తాకినప్పుడు మ్యూయాన్లనే కణాలు పుడతాయి. సముద్రమట్టం వద్ద చదరపు సెంటీమీటరుకు నిమిషానికి సుమారు ఒక మ్యూయాన్ చొప్పున మన మీద నిరంతరం కురుస్తున్నాయి. భూమిలోకి దిగినకొద్దీ రాయి వీటిని అడ్డుకుంటుంది. ఏ లోతులో ఎన్ని మిగులుతాయో కొలిస్తే పైన పుట్టినప్పుడు వాటి శక్తి ఎంతో తెలుస్తుంది. 1951లో భాభా ఈ పనిని యువ పరిశోధకుడు బి.వి.శ్రీకంఠన్‌కు అప్పగించి కోలారుకు పంపాడు. తొలి కొలతలు సుమారు వెయ్యి అడుగుల లోతు వరకు సాగాయి. శ్రీకంఠన్ తరువాత 1975 నుంచి 1987 వరకు ఆ సంస్థకు సంచాలకుడయ్యాడు.

కోలారుకు మరో అనుకూలత నేల తీరులో ఉంది. అక్కడి ఉపరితలం దాదాపు సమతలం. కొండ కింద తొలిచిన సొరంగంలో ఏ దిక్కునుంచి ఎంత రాయి అడ్డున్నదో లెక్కించడం కష్టం. కోలారులో ఆ లెక్క సులభంగా, కచ్చితంగా కుదిరింది. గనిలో తరతరాలుగా వేసిన కొలతల పటాలు, శిలల సాంద్రత వివరాలు శాస్త్రవేత్తలకు సిద్ధంగా దొరికాయి. బంగారం కోసం చేసిన నమోదు భౌతికశాస్త్రానికి ఆకరమైంది.

నిశ్శబ్దం నుంచి న్యూట్రినో వరకు

1960ల ఆరంభంలో జపాన్‌లోని ఒసాకా సిటీ విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.మియాకే, టాటా సంస్థకు చెందిన వి.ఎస్.నరసింహం, పి.వి.రమణమూర్తి కలిసి మరింత లోతుకు దిగారు. అన్నింటికంటే లోతైన కేంద్రంలో సుమారు రెండు నెలలపాటు పరికరాలు నడిపినా ఒక్క మ్యూయాన్ కూడా నమోదు కాలేదు. సామాన్య దృష్టికి ఇది విఫలప్రయోగం. వారు దానినుంచి మరో అవకాశాన్ని గ్రహించారు. మ్యూయాన్ల సందడి అణగిపోయిన ఆ చోటులో అతి అరుదైన న్యూట్రినో సంఘటన జరిగితే దానిని గుర్తించవచ్చు.

న్యూట్రినోకు విద్యుదావేశం లేదు. భూగోళాన్ని కూడా ఆటంకం లేకుండా దాటిపోగలదు. అత్యంత అరుదుగా ఒకటి రాతిలో ఢీకొని మ్యూయాన్‌ను పుట్టిస్తుంది. వాతావరణంలో పుట్టిన మ్యూయాన్లు అంత లోతుకు చేరాలంటే దాదాపు నిట్టనిలువుగా రావాలి. అందువల్ల అడ్డంగా ప్రయాణించే మ్యూయాన్ కనిపిస్తే అది న్యూట్రినో పుట్టించినదని నిర్ధారించవచ్చు. ఈ తర్కం ఆధారంగా సుమారు 2.3 కిలోమీటర్ల లోతులో ప్లాస్టిక్ సింటిలేటర్లను నిలువు గోడలుగా అమర్చి, వాటి నడుమ నియాన్ ఫ్లాష్ గొట్టాలను పేర్చారు. టాటా సంస్థ, ఒసాకా సిటీ విశ్వవిద్యాలయం, ఇంగ్లండులోని డర్హం విశ్వవిద్యాలయం కలిసి చేసిన ప్రయోగమిది. భారతీయ బృందంలో ఎం.జి.కె.మీనన్, శ్రీకంఠన్, రమణమూర్తి, నరసింహం, సి.వి.ఆచార్ ఉన్నారు. డర్హం బృందానికి ఆర్నాల్డ్ వుల్ఫెండేల్ నాయకుడు.

అదే సమయంలో ఫ్రెడరిక్ రైన్స్ బృందం దక్షిణాఫ్రికాలోని ఈస్ట్ రాండ్ బంగారు గనిలో ఇదే అన్వేషణ చేస్తున్నది. రైన్స్ బృందానికి తొలి సంఘటన 1965 ఫిబ్రవరి 23న దొరికింది. కోలారు బృందపు పత్రం 1965 ఆగస్టు 15న ‘ఫిజిక్స్ లెటర్స్’లో, రైన్స్ బృందపు పత్రం అదే నెల 30న వెలువడ్డాయి. నమోదులో ఒకరు ముందు, ప్రకటనలో మరొకరు ముందు. విజ్ఞానశాస్త్ర చరిత్ర ఈ గౌరవాన్ని ఇద్దరికీ పంచి ఇవ్వడం న్యాయం. రెండూ బంగారు గనులే, రెండూ వలసపాలనలో తవ్వినవే. రెండుచోట్లా శాస్త్రవేత్తలు దిగిన బావులు అతి తక్కువ వేతనానికి పనిచేసిన శ్రామికులు తవ్వినవే.

ప్రోటాన్ ప్రయోగం, గని మూసివేత

1970ల చివర సైద్ధాంతిక భౌతికశాస్త్రం ఒక కొత్త ప్రశ్న లేవనెత్తింది. శాశ్వతమని భావించిన ప్రోటాన్ కూడా ఎప్పుడో ఒకప్పుడు క్షయిస్తుందా? దీనిని తేల్చడానికే ప్రత్యేకంగా నిర్మించిన తొలి పరికరాల్లో కోలారుది ఒకటి. సుమారు 140 టన్నుల ఇనుప పలకల మధ్య ప్రపోర్షనల్ కౌంటర్లు అమర్చిన ఆ పరికరం 1980లో పని ప్రారంభించింది. 1985లో సుమారు రెండు కిలోమీటర్ల లోతులో మరింత పెద్దది ఏర్పడింది. ప్రోటాన్ క్షయానికి సంబంధించినవి కావచ్చునంటూ కొన్ని సంఘటనలను ఆ బృందం ప్రకటించింది. ఇతర దేశాల్లోని పెద్ద పరికరాలు వాటిని ధ్రువీకరించలేదు. 1975లో ప్రకటించిన, ‘కోలారు సంఘటనలు’గా పేరుపొందిన కొన్ని అసాధారణ జాడలకూ అందరూ అంగీకరించిన వివరణ ఏర్పడలేదు. ఇవి వైఫల్యాలు కావు. ప్రశ్నను మొదట అడిగినవారికి తప్పని అనిశ్చితి ఇది.

ఈలోగా గని ఆర్థికంగా క్షీణించింది. 1956లో మైసూరు ప్రభుత్వం, 1962లో కేంద్ర ప్రభుత్వం స్వీకరించిన ఈ గనులు 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ అయ్యాయి. ముడిరాతిలో బంగారపు పాలు తగ్గింది. లోతుతోపాటు ఖర్చు పెరిగింది. లోతైన అంతస్తులను ఒక్కొక్కటిగా వదులుకుంటూ వచ్చిన క్రమంలో 1990ల ఆరంభానికి భూగర్భ ప్రయోగాలు ముగిశాయి. 2001 ఫిబ్రవరి 28న గనులు పూర్తిగా మూతపడ్డాయి. పంపులు ఆగడంతో నీరు పైకి చేరింది. 120 సంవత్సరాల్లో సుమారు 800 టన్నుల బంగారం ఇచ్చిన గని, నాలుగు దశాబ్దాలపాటు విజ్ఞానానికి చోటిచ్చిన గని, జలమయమైంది. బిసానత్తం, చిగురుగుంట, అప్పటి అనంతపురం జిల్లా రామగిరి గనులూ అదే దారి పట్టాయి.

ఇక్కడ కాలక్రమాన్ని జాగ్రత్తగా గమనించాలి. గని మూతపడి ప్రయోగశాల కావలసింది పోయి, గని బతికున్నంతకాలం ప్రయోగశాలగా ఉండి, గనితోపాటే ప్రయోగశాల కూడా ముగిసింది. ‘గనిని పరిశోధన కేంద్రంగా మార్చడం’ అనే మాటలో సూచితమైన వరుస కోలారులో తలకిందులైంది. కారణం అన్వేషించాలంటే ఇతర దేశాల గనులతో పోల్చి చూడాలి.

పంపు ఎవరు నడపాలి? హోమ్‌స్టేక్, కమియోకా

అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రంలో హోమ్‌స్టేక్ బంగారు గని 1876లో మొదలై 2002లో మూతపడింది. 1960ల మధ్యలో రేమండ్ డేవిస్ అక్కడ 4,850 అడుగుల లోతున సౌర న్యూట్రినో ప్రయోగం ప్రారంభించాడు. దానికి 2002లో నోబెల్ బహుమతి లభించింది. 2003లో యజమాని సంస్థ పంపులు ఆపివేయగా గనిలో నీరు చేరసాగింది. అయితే కథ అక్కడ ముగియలేదు. రాష్ట్ర ప్రభుత్వం 2004లో ఒక ప్రత్యేక విజ్ఞాన ప్రాధికార సంస్థను నెలకొల్పింది. 2006లో బ్యారిక్ సంస్థ గనిని రాష్ట్రానికి దానంగా ఇచ్చింది. డెన్నీ శాన్‌ఫర్డ్ అనే దాత 7 కోట్ల డాలర్లు ప్రకటించాడు. నీటిని మళ్ళీ తోడి, అదే 4,850 అడుగుల అంతస్తులో కొత్త ప్రయోగశాలలు నిర్మించారు. మూతపడిన గని పరిశోధన కేంద్రంగా మారిన స్పష్టమైన ఉదాహరణ ఇది.

జపాన్‌లోని కమియోకా జస్తా, సీసపు గనిలో 1983లో 3,000 టన్నుల నీటితో ‘కమియోకాండే’ ఏర్పడింది. దాని తొలి లక్ష్యం కూడా ప్రోటాన్ క్షయమే. కోలారు పరికరానికి మూడేళ్ళ తర్వాత, అదే ప్రశ్నతో అది మొదలైంది. 1987లో సూపర్‌నోవా న్యూట్రినోలను పట్టుకుంది. 1996లో 50,000 టన్నుల ‘సూపర్ కమియోకాండే’గా విస్తరించింది. ఈ కృషికి 2002లో మసతోషి కోషిబాకు, 2015లో తకాకి కజితాకు నోబెల్ బహుమతులు వచ్చాయి. కమియోకాలో ఖనిజపు తవ్వకం 2001లోనే ఆగిపోయింది. అంటే కోలారు మూతపడిన సంవత్సరమే. అదే ఏడాది చివర అక్కడ వేలాది కాంతిగ్రాహక గొట్టాలు పగిలిపోయిన పెద్ద ప్రమాదమూ జరిగింది. రెండు దెబ్బలనూ ప్రయోగశాల తట్టుకుంది. టోక్యో విశ్వవిద్యాలయపు పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో దానికి గనితో సంబంధం లేని స్వతంత్రమైన ఉనికి అప్పటికే ఏర్పడి ఉండడం అందుకు ముఖ్య కారణం.

ఈ పోలికను హద్దు మీరి సాగదీయరాదు. కమియోకా కొండలోకి అడ్డంగా తొలిచిన గని. వాహనంలో లోపలికి వెళ్ళవచ్చు, నీరు బయటకు పారుతుంది. కోలారు నిలువు బావుల గని. అక్కడ దిగడానికి లిఫ్టు, పీల్చడానికి గాలి, నిలవడానికి పంపు నిరంతరం నడవాలి. ఈ ఖర్చులన్నింటినీ గని సంస్థ బంగారం లెక్కలోనే భరించింది. శాస్త్రవేత్తలకు ఇది గొప్ప సౌకర్యం. ప్రయోగశాల బలహీనత కూడా అదే. తన పంపు తనది కాని ప్రయోగశాల, పంపు యజమాని నిర్ణయానికి లోబడి ఉంటుంది. హోమ్‌స్టేక్ నిలువు బావుల గనే అయినా అక్కడ రాష్ట్రం ఆ భారాన్ని నెత్తికెత్తుకుంది. కోలారుకు 2001లో అటువంటి ప్రజాసంస్థ ముందుకు రాలేదు.

ఆ లోటు విలువ తరువాత తెలిసింది. భారత న్యూట్రినో వేధశాల కోసం తమిళనాడులోని తేని జిల్లాలో కొండను కొత్తగా తొలవాలన్న ప్రణాళికకు 2015 జనవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. పర్యావరణ అభ్యంతరాలు, ప్రజల వ్యతిరేకత మధ్య అది ముందుకు సాగలేదు. ఒకనాడు ప్రపంచంలోనే లోతైన ప్రయోగశాల ఉన్న దేశం తిరిగి కొండను వెతుక్కోవలసి వచ్చింది. జార్ఖండ్‌లోని జాదూగూడ యురేనియం గనిలో 555 మీటర్ల లోతున 2017లో సాహా ఇన్‌స్టిట్యూట్ చిన్న భూగర్భ ప్రయోగశాలను ప్రారంభించింది. అదీ కోలారు పద్ధతిలో నడుస్తున్న గనిపై ఆధారపడినదే.

కోలారులో నేలమీద ఒక సంస్థ మాత్రం ఏర్పడింది. రాక్ బర్స్ట్‌ల అధ్యయనంలో గడించిన అనుభవం ఆధారంగా 1988లో అక్కడ జాతీయ శిలాయాంత్రిక సంస్థ నెలకొన్నది. గనులకూ, సొరంగాలకూ, ఆనకట్టలకూ అవసరమైన శిలాపరీక్షలు చేసే ఈ సంస్థ గని మూతపడినా నిలిచింది. దాని ప్రధాన కార్యాలయం తరువాత బెంగళూరుకు తరలింది. గని నుంచి పుట్టిన విజ్ఞానం గని కంటే ఎక్కువకాలం బతకవచ్చునని, దానికి స్వంత సంస్థారూపం ఉండాలని ఈ ఉదాహరణ నిరూపిస్తుంది.

దిగినవారి చరిత్ర

విజ్ఞానశాస్త్ర చరిత్రలో కోలారు అధ్యాయం శాస్త్రవేత్తల పేర్లతో నిండి ఉంటుంది. 2.3 కిలోమీటర్ల లోతులో ఆ గదిని తవ్వినవారు, పరికరాలను లిఫ్టులో దించినవారు, గాలి గొట్టాలు బిగించినవారు, రాయి కదలిక వినిపించినప్పుడు శాస్త్రవేత్తలను హెచ్చరించినవారు ఆ అధ్యాయంలో లేరు. కోలారు శ్రామికుల్లో అధికులు తమిళ దళితులు. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల తెలుగువారు, కన్నడిగులు కూడా అక్కడ పనిచేశారు. వేలిముద్రలు తప్పనిసరి చేసినందుకు 1930లో వారు చేసిన సమ్మె దక్షిణ భారత కార్మికోద్యమ చరిత్రలో ముఖ్యమైనది. రాతిధూళి వల్ల వచ్చే సిలికోసిస్ వ్యాధి మన దేశంలో వైద్యుల దృష్టికి తొలుత వచ్చినది 1930లలో, ఈ గనుల్లోనే. జానకీ నాయర్ వంటి చరిత్రకారులు ఈ శ్రామిక జీవితాన్ని వివరంగా నమోదు చేశారు. ఆ చరిత్ర, న్యూట్రినో చరిత్ర వేర్వేరు అల్మారాల్లో ఉండిపోయాయి.

కొల్లూరు శ్రామికులను గురించి మనకు తెలిసింది ఒక పరదేశి వేసిన అంకె మాత్రమే. 17వ శతాబ్దపు లోటును ఇప్పుడు పూరించలేం. కోలారు విషయంలో ఆ సాకు చెల్లదు. 1980ల ప్రయోగాల కాలంలో గనిలో దిగినవారిలో పలువురు నేటికీ జీవించి ఉండగల వయస్సువారు. వారి మాటల్లో తెలుగు, తమిళం, కన్నడం, ఇంగ్లీషు కలిసిన గని పరిభాష ఉంది. వృత్తిపదకోశాల నిర్మాణంలో తెలుగు పరిశోధనకు చక్కని సంప్రదాయం ఉంది. వ్యవసాయం, చేనేత, వాస్తు, కుమ్మరం, లోహపని వంటి వృత్తుల పదాలు సేకరించిన మనం లోతైన గని పదాలను కూడా ఆ జాబితాలో చేర్చవలసి ఉంది.

తిరిగి పల్నాడు, ప్రకాశం

పై పరిశీలన నుంచి గని పరిశోధన కేంద్రం కావడానికి మూడు నిబంధనలను రాబట్టవచ్చు. మొదటిది లోతు లేదా ప్రత్యేకమైన శిలాస్వభావం. రెండవది సజీవమైన బావి, అంటే నడుస్తున్న పంపు, లిఫ్టు, గాలి. మూడవది గని యజమానితో నిమిత్తం లేకుండా ఖర్చును భరించే ప్రజాసంస్థ. కొల్లూరుకు మూడూ లేవు. కోలారుకు మొదటి రెండూ ఉన్నాయి, మూడవది లేదు. హోమ్‌స్టేక్‌కు రెండవది పోయినా మూడవది ఏర్పడి దానిని తిరిగి తెచ్చింది.

ఈ కొలబద్దతో మన ప్రాంతాన్ని చూస్తే అత్యాశకు తావుండదు. చీమకుర్తి క్వారీలు ఆకాశం కింద తెరిచిన గుంతలు. విశ్వకిరణాలనుంచి వాటికి రక్షణ లేదు. అక్కడ న్యూట్రినో ప్రయోగశాలను ఊహించడం అర్థరహితం. అయితే భూమి లోతుల్లో గడ్డకట్టిన గాబ్రో, అనార్థొసైట్ శిలలు నిలువుగా కోసిన గోడలవలె కనిపించే ఆ క్వారీలు భూవిజ్ఞాన విద్యార్థికి విలువైన పాఠ్యస్థలాలు. తవ్వకం ముగిసిన గుంతల్లో చేరే నీరు, చుట్టూ ఉన్న మెట్ట పొలాల భూగర్భజలం, రాతిపొడి ప్రభావం పడే పైర్లు దీర్ఘకాలిక పరిశీలనకు తగిన అంశాలు. బండ్లమోటు విషయంలో సీసం వంటి లోహం నేలలోకీ, నీటిలోకీ చేరే తీరును ఏళ్ళ తరబడి కొలవడం చుట్టుపక్కల సాగు చేసే రైతుకు నేరుగా అవసరమైన విజ్ఞానం. గని మూసినవారు వెళ్ళిపోతారు. ఆ నీటితో పంట పండించేవారు అక్కడే ఉంటారు.

మూసివేత నియమాల చరిత్ర కూడా ఈ సందర్భంలో గమనింపదగినది. గని మూసివేత ప్రణాళికను తప్పనిసరి చేస్తూ మన దేశంలో ఖనిజ సంరక్షణ, అభివృద్ధి నియమావళిని సవరించింది 2003లో. కోలారు అంతకు రెండేళ్ళ ముందే మూతపడింది. ఆ ప్రణాళికల్లో భూమి పునరుద్ధరణ, నీటి నాణ్యత, భద్రత, ఉపాధి కోల్పోయే కార్మికులు ప్రధానాంశాలు. గనిలో పేరుకున్న జ్ఞానం, అంటే కొలతల పటాలు, రాతి నమూనాలు, రికార్డులు, పనివారి అనుభవం కూడా మూసివేతనాటి ఆస్తిలో భాగమన్న దృష్టి వాటిలో బలపడవలసి ఉంది. హోమ్‌స్టేక్ చరిత్ర చెప్పేదేమంటే, నీరు పైకి వచ్చాక నిర్ణయం తీసుకోవడం సాధ్యమే కాని దాని వెల అనేక రెట్లు.

ముగింపు

గని ప్రయోగశాలగా మారడం పాడుబడిన స్థలానికి కొత్త బోర్డు తగిలించడం వంటిది కాదని కోలారు చరిత్ర స్పష్టం చేస్తున్నది. 1951లో భాభా ఎంచుకున్నది కార్మికులు దిగుతూ, పంపులు నడుస్తూ ఉన్న గనిని. దానివల్ల 1965 నాటి ఫలితం సాధ్యమైంది. ఆ గని జీవనాధారాన్ని ప్రయోగశాల తన సొంతం చేసుకోకపోవడం వల్ల 1990లలో అది ముగిసింది. మార్పు నిర్ణయం గని మూతపడకముందే జరగాలి, భరించేవారెవరో ముందే తేలాలి.

మన శాఖల పరిధిలో చేయవలసిన పని వేరే ఉంది. అగ్నిగుండాల వంటి గ్రామనామాలను గనుల చరిత్రతో కలిపి అధ్యయనం చేయడం, పల్నాటి కైఫీయతుల్లో, ప్రయాణికుల రాతల్లో తవ్వకాల ప్రస్తావనలను ఒకచోట చేర్చడం, కోలారు, చిగురుగుంట, బండ్లమోటు శ్రామికుల మౌఖిక చరిత్రను, వృత్తిపదాలను వారి నోట వినగలిగిన రోజుల్లోనే సేకరించడం తక్షణ కర్తవ్యాలు. టావెర్నియే కొల్లూరులో విన్న ‘గని’ అనే మాటను ఎవరు పలికారో మనకు తెలియదు. కోలారులో ఆ మాట పలికినవారిలో కొందరైనా ఇంకా ఉన్నారు. మన ఆకరాల పట్టికలో వారికి చోటివ్వడం ఈ తరం పరిశోధకుల చేతిలో ఉన్నది.